ఇరుళాయి గుర్రమైన సంగతి

మధుర మిల్లు కూలీలు ఉండే లైన్లలో ఇరుళాయి పేరు తెలియనివాళ్ళు లేరు. దానికి కారణం ఆమె నోరు. ఆ నోటితోనే ఒక్కగానొక్క కూతురు పొన్నును పెంచింది, అల్లుడు సుడలైని అదుపులో పెట్టింది, అల్లుడి జట్కా గుర్రాన్ని నడిపించింది. గుర్రం పేరు కలెక్టర్. ఆ పేరు సుడలై పెట్టింది కాదు, జట్కా స్టాండులో తోటివాళ్ళు పెట్టింది. ఎంతమంది చుట్టూ చేరి బతిమాలినా అది తనకు తోచినప్పుడే కదిలేది. ఇరుళాయి వచ్చి దాని చెవి దగ్గర తెలుగులో నాలుగు తిట్లు తిడితే మాత్రం, అన్యాయం జరిగినట్టు ముఖం పెట్టి నడక మొదలుపెట్టేది.

ఇరుళాయి పుట్టింది ఆండిపట్టి పక్కన ఒక పల్లెలో. వాళ్ళవాళ్ళు ఉత్తరాన్నుంచి ఎప్పుడొచ్చారో, ఏ రాజు వెంట వచ్చారో అక్కడ ఎవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మారిని పెళ్ళి చేసుకుని మధుర వచ్చింది. ఇద్దరూ మిల్లులో చేరారు, అతను పత్తి బేళ్ళు మోసే పనిలో, ఆమె నూలు చుట్టే విభాగంలో. పొన్ను పాకే వయసులో ఉండగా, వానలు తెగ పడిన ఏడాది ఇరుళాయికి జ్వరం వచ్చింది. ఒళ్ళు కాలిపోయింది, మెడ బిగుసుకుపోయింది, కళ్ళు తేలేసింది. ఆమె బతకదని ఊరి నుంచి చుట్టాలు కూడా వచ్చి కూర్చున్నారు. ఆమె బతికింది. కానీ లేచి కూర్చునేసరికి ఆమెకు తమిళం రాదు.

వచ్చిన తమిళం మరిచిపోవడం ఏమిటని ఎవరూ నమ్మలేదు. పక్కింటి తంగమ్మాళ్ వచ్చి ఒళ్ళెలా ఉందని అడిగితే, ఇరుళాయి మొగుడి వైపు తిరిగి, "ఈమె ఏమి బాస మాట్లాడతా ఉండాది?" అంది. మారి నవ్వాడు. ఆమె నవ్వలేదు. అప్పుడతనికి భయమేసింది. తెలుగు మాత్రం చెక్కు చెదరలేదు, తిట్లతో సహా.

కోలుకుని పనిలోకి వెళ్ళింది. మేస్త్రీ నారాయణసామి ఏదో చెప్పేవాడు, ఆమె అతని పెదాల వంక చూసి మర్యాదగా నవ్వేది. ఇంకోటి చెప్పేవాడు, మళ్ళీ నవ్వేది. నిజానికి నారాయణసామి ఇంట్లోనూ తెలుగే. కానీ మిల్లులో కూలి ఆడవాళ్ళతో ఇంటి భాష మాట్లాడితే తన పెద్దరికం పోతుందని అతని లెక్క. ఆమె తెలుగులో అడిగేది, అతను తమిళంలో అరిచేవాడు. చివరికి తనను వెక్కిరిస్తోందని తేల్చి పనిలోంచి తీసేశాడు. అమ్మవారు నాలుక మీద కూర్చుందని పూజారి అన్నాడు. వీధి చివర పాస్టరుగారు బాగా ఆలోచించి, తెలియని భాషలు మాట్లాడే వరం గురించి విన్నాను గానీ తెలిసిన భాష పోయే వరం గురించి వినలేదని నిజాయితీగా ఒప్పుకున్నారు.

ఇరుళాయి తమిళం మళ్ళీ నేర్చుకుంది. పొన్నుకు మాటలొస్తున్న రోజులవి. పిల్ల వీధిలో నేర్చుకొచ్చిన మాటలనే తల్లీ నేర్చుకుంది. అందుకని ఆమె తమిళం కడదాకా చంటిపిల్లల తమిళంగానే ఉండిపోయింది. పోలీసువాణ్ణయినా "కణ్ణూ" అని ముద్దుగా పిలిచేది. మిల్లు పని మళ్ళీ దొరకలేదు. మారి పోయాక ఇళ్ళలో పాచి పనులు చేసి పిల్లను పెద్దచేసింది. పొన్ను మిల్లులో చేరింది, జట్కా సుడలైని పెళ్ళాడింది, అతనితోపాటు కలెక్టర్ కూడా ఆ ఇంటికే వచ్చింది.

పందొమ్మిది వందల యాభై ఏడులో బాలసుందరం వచ్చాడు.

చుట్టుపక్కల పల్లెల్లో మెదడుకెక్కే జ్వరం వచ్చి పిల్లలు చనిపోతున్న కాలం. అది దోమ మోసుకొచ్చే జ్వరమని, ఎంత దూరం పాకిందో తేల్చాలని జ్వరాల పరిశోధన ఆఫీసు ఒకటి పని మొదలుపెట్టింది. దోమ మనిషినీ కుడుతుంది, గుర్రాన్నీ కుడుతుంది. సోకిన ఒంట్లో జ్వరం తగ్గిపోయినా దాని గుర్తు రక్తంలో ఉండిపోతుంది. రక్తం కావాలని మనుషుల్ని అడిగితే తలుపులు వేసుకుంటున్నారు. జట్కా గుర్రాలైతే స్టాండులో వరసగా, లైసెన్సుతో సహా నిలబడి ఉంటాయి. అందుకని ముందు గుర్రాలను పరీక్షించాలన్నారు. రక్తమిచ్చిన గుర్రానికి ఒక సంచి ఉలవలు.

రక్తం తీసే పని బాలసుందరానిది. పొల్లాచ్చి దగ్గర రైతుల ఇంటి మనిషి, ముప్పై దాటినవాడు, పెద్ద మీసం. అతనికి గుర్రాలంటే భయం. అంతకుముందు ఉద్యోగం కోళ్ళ శాఖలో. రెక్క కింద నరం పట్టి కోడికి తెలియకుండా రక్తం తీయడంలో అతనికి మంచి పేరుండేది. ఆ పేరు చూసే పైవాళ్ళు గుర్రాల మీదికి మార్చారు. స్టాండులోని మిగతా గుర్రాలను జట్కావాళ్ళే పట్టుకుని నిలబెట్టారు, అతను కళ్ళు సగం మూసుకుని పని కానిచ్చాడు. మిగిలింది కలెక్టర్.

అతను ఇరుళాయి ఇంటికి వచ్చేసరికి సుడలై కార్మికుల మీటింగుకి పోయి ఉన్నాడు. గుర్రం వాకిట్లో కట్టేసి ఉంది. బాలసుందరం సంచిలోంచి పెద్ద సూది తీశాడు. కలెక్టర్ సూదిని చూసింది, అతన్ని చూసింది, వంగి అతని టోపీ నోట కరుచుకుని నమలసాగింది. ఇరుళాయి టోపీ లాగింది. అతను మళ్ళీ మెడ దగ్గరికి వెళ్ళాడు. ఈసారి అది వెనక్కి తిరిగి ఒక్క తన్ను తన్నింది. తన్ను తగల్లేదు గానీ బాలసుందరం వెళ్ళి పేడకుప్పలో కూర్చున్నాడు.

ఇరుళాయి అతన్ని లేపి, రోలు మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది.

"ఏమి సామీ, ఈ పనికి కొత్తా?"

"నేను కోళ్ళల్లో ఉండినానమ్మా," అన్నాడు బాలసుందరం. అతని ఇంట్లోనూ తెలుగే. "కోడి ఎప్పుడైనా మనిషిని తన్నుతుందా? ఇది కూడా అయితేనే మధుర పని అయిపోయినట్టు. అన్ని గుర్రాలవీ తెచ్చి ఒకటి వదిలితే పై దొర నన్ను ఉండనియ్యడు."

ఇరుళాయి గుర్రం వంక చూసింది. పోయినసారి పశువుల డాక్టరు దానికి సూది వేస్తే, అది అలిగి రోజుల తరబడి బండి కట్టనియ్యలేదు. పొన్ను ఒక్కదాని జీతం మీద ఇల్లు నడిచింది. మళ్ళీ ఆ గొడవ ఆమెకు ఇష్టం లేదు. పైగా ఉలవల సంచి గుమ్మం దగ్గరే ఉంది, మంచి గింజ.

ఆమె చేయి చాపింది. "ఇందా, దీంట్లో తీసుకోండి."

"అయ్యో, గుర్రం రక్తం కదా కావాల్సింది!"

"ఎర్రగా ఉండాలి, అంతే దానే? నాది కూడా ఎరుపే. ఆ గడపార మాత్రం వద్దు. కోళ్ళ ఊసి ఉంటే దాంతో తియ్యండి."

కోళ్ళ సూది అతని సంచిలో ఉంది, పాత ఉద్యోగం మీద మమకారంతో మోస్తున్నాడు. కాసేపు అటూ ఇటూ చూశాడు. కలెక్టర్ పళ్ళు బయటపెట్టింది. ఇంక ఆలోచించకుండా ఇరుళాయి చేతి నరం పట్టాడు. ఆమెకు చీమ కుట్టినట్టయినా అనిపించలేదు. "మంచి చెయ్యి సామీ మీది," అంది. అతనికి ఆ ఊళ్ళో దొరికిన మొదటి మెప్పు అది. గాజు గొట్టం మీద 'కలెక్టర్, మగ గుర్రం, తొమ్మిదేళ్ళు' అని కాగితం అంటించుకుని, దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ రోజు ఇరుళాయి ఉలవచారు కాచింది. లైన్లు మొత్తం వాసన. మీటింగు నుంచి వచ్చిన సుడలై గిన్నె మూత తీసి చూసి నోరు తెరిచాడు.

"అత్తా, ఇది కలెక్టర్ ఉలవలు! రత్తం ఇచ్చింది అది. తినేది మనమా?"

"దానికి గడ్డి వేసినాను మాప్పిళ్ళా. కూకో, తిను."

"పాపం కదా! నోరు లేని జీవం!"

"నోరు లేదా? ఆ మనిషి టోపీ మింగింది ఏంటితో?"

సుడలై తిన్నాడు గానీ, తింటున్నంతసేపూ వాకిట్లో గుర్రం వంక తప్పుచేసినవాడిలా చూస్తూనే ఉన్నాడు. తర్వాత వెళ్ళి దాని మెడ నిమిరి, గాయం ఎక్కడుందా అని వెతికాడు. దొరక్కపోయేసరికి బాలసుందరం ఎంత పనిమంతుడో అని స్టాండులో అందరికీ చెప్పుకున్నాడు.

కొన్ని నెలలకు బాలసుందరం మళ్ళీ వచ్చాడు. అదే గుర్రం నుంచి ఇంకొక్కసారి రక్తం తేవాలట. ఇరుళాయి అతను అడగకముందే చెయ్యి చాపింది. ఈసారి అతను తీరిగ్గా కూర్చుని ఉలవచారు కూడా తాగాడు. తమ ఊళ్ళో దీన్ని ఇంకా చిక్కగా కాస్తారని చెప్పబోయి, ఆమె ముఖం చూసి మానేశాడు. అప్పటికి ఆమెను "అవ్వా" అని పిలవడం అలవాటైంది.

మూడోసారి అతను ఒక్కడే రాలేదు. వెనక జీపులో పై డాక్టరు రత్నసభాపతి దిగాడు. బాలసుందరం ముఖం సున్నం కొట్టినట్టుంది.

మధుర గుర్రాల్లో చాలావాటి రక్తంలో ఆ జ్వరం గుర్తు కొద్దికొద్దిగా కనిపించింది. కలెక్టర్ రక్తంలో మాత్రం గట్టిగా కనిపించింది, అదీ రెండుసార్లూ. అంత గట్టి గుర్తున్న గుర్రాన్ని రత్నసభాపతి తన సర్వీసులో చూడలేదు. వీలైతే దాన్ని కొని పరిశోధనశాలకు తీసుకుపోవాలని వచ్చాడు. ఆ మాట వినగానే సుడలై కలెక్టర్ నుదుట బొట్టు పెట్టి నిలబెట్టాడు. బస్సులొచ్చి జట్కాలకు గిరాకీ పడిపోయిన రోజులు. గుర్రం సర్కారు ఉద్యోగంలో చేరుతుందంటే అతనికి గొప్పగా ఉంది.

డాక్టరు మడత కుర్చీలో కూర్చుని కలం తీశాడు. కోయంబత్తూరు మనిషి, ఇంటి భాష తెలుగే, కానీ ప్రశ్నలు తమిళంలో అడిగాడు.

"ఈ గుర్రానికి ఎప్పుడైనా గట్టిగా జ్వరం వచ్చిందా?"

"లేదు సార్, ఇనుములాంటిది," అన్నాడు సుడలై.

"వచ్చింది," అంది గుమ్మంలోంచి ఇరుళాయి. ఆయన అడుగుతున్నది ఎవరి రక్తం గురించో ఆమెకు తెలుసు. డాక్టరంతటివాడు అడిగినప్పుడు అబద్ధం చెప్పకూడదని ఆమె అభిప్రాయం.

"ఎప్పుడు?"

"వానల కాలంలో, కణ్ణూ. మా పొన్ను పాకుతా ఉండినప్పుడు."

డాక్టరు వాకిట్లో నిలబడి ఉన్న పొన్నును చూశాడు. ఆమెకు ఇద్దరు పిల్లలు. "గుర్రానికి తొమ్మిదేళ్ళని కదా రాసుంది?"

బాలసుందరం దగ్గాడు. సుడలై ఇరుళాయి వైపు తిరిగాడు. "అత్తా, నేను దీన్ని దిండిగల్ సంతలో కొని నాలుగేండ్లు. అంతకు ముందు సంగతి నీకెట్ల తెలుసు?"

"నాకు తెలీక ఇంకెవరికి తెలుస్తుందప్పా?"

"సరే," అన్నాడు డాక్టరు ఓపిగ్గా. "జ్వరంలో ఎలా ఉండింది?"

"మెడ కొయ్య అయిపోయింది. కళ్ళు పైకి పోయినాయి. చాప మీద పడుకోబెట్టి నోట్లో గంజి పోసినారు."

"చాప మీద?"

"మంచం లేదప్పుడు."

రత్నసభాపతి రాయడం ఆపి కలెక్టర్ వంక ఒకసారి చూశాడు. "తగ్గిన తర్వాత ఏమైనా లోపం మిగిలిందా? నడక తడబడటం, కాలు ఈడ్వడం?"

"నడకకేమీ లేదు. మాట పోయింది."

"ఏం మాట?"

"అరవం పోయింది కణ్ణూ. మొత్తం పోయింది. తెలుగు నిలిచింది."

డాక్టరు కలం మూత పెట్టాడు. తమిళం వదిలేసి, బహుశా ఉద్యోగంలో చేరాక మొదటిసారి, ఇంటి భాషలోకి దిగాడు.

"అమ్మా, ఈ గుర్రానికి అరవం వచ్చునా?"

"గుర్రానికి ఏం వస్తుంది సామీ? నాకు!"

బాలసుందరం వచ్చి డాక్టరు ముందు నేల మీద కూర్చున్నాడు. టోపీ దగ్గర్నుంచి కోళ్ళ సూది దాకా అంతా చెప్పేశాడు. చెబుతూ చెబుతూ ఏడ్చాడు. సుడలైకి విషయం అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అయ్యాక మొదట అతను అన్నమాట, "అంటే ఆ ఉలవలు నిజంగా మావేనా?"

రత్నసభాపతి కోపం మనిషే. బాలసుందరాన్ని తిట్టడం తెలుగులో మొదలుపెట్టి, సరిపోక తమిళంలో, అదీ చాలక ఇంగ్లీషులో తిట్టాడు. "నిన్ను మళ్ళీ కోళ్ళ శాఖకే పంపించేస్తాను!" అన్నాడు చివరికి. బాలసుందరం ఏడుపు అక్కడితో ఆగిపోయింది. "నిజంగానా సార్?" అన్నాడు.

డాక్టరు అతన్ని వదిలేసి కుర్చీ ఇరుళాయి దగ్గరికి జరుపుకున్నాడు. తలనొప్పి ఎక్కడ మొదలైంది, చేతులు వణికాయా, మొదట గుర్తుకొచ్చిన తమిళం మాట ఏది, అన్నీ అడిగాడు. నవ్వలేదు. వెక్కిరిస్తున్నావా అనలేదు. ఇన్నేళ్ళలో ఆ జ్వరం గురించి ఆమెను కూర్చోబెట్టి అడిగినవాడు లేడు. ఏ ప్రశ్నకైనా టక్కున జవాబు చెప్పే ఇరుళాయి ఆ రోజు మధ్యమధ్యలో ఆగిపోయి, కొంగుతో ముక్కు తుడుచుకుని చెప్పింది. అది మెదడువాపు జ్వరమై ఉండాలని, దోమ వల్ల వచ్చి ఉంటుందని ఆయన చెప్పాడు.

"దోమా?" అంది ఆమె. "అంత చిన్నదానికి అరవం ఎందుకు సామీ?"

కలెక్టర్‌కు కూడా రక్తం తీయక తప్పలేదు. ఇరుళాయి చెవి దగ్గర తిడుతూ ఉండగా డాక్టరే తీశాడు. దాని ఫలితం మిగతా గుర్రాల్లాగే ఏదో నామమాత్రంగా వచ్చింది. దానితో సర్కారుకు దాని మీద మోజు పోయింది. సుడలై నాలుగు రోజులు ముభావంగా ఉన్నాడు. కలెక్టర్ అలిగి పది రోజులు బండి లాగలేదు.

ఆ వారమే ఇరుళాయి నారాయణసామి ఇంటికి వెళ్ళింది. అతను ముసలివాడై, పని మానేసి, అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నాడు. అతని భార్య లక్ష్మమ్మాళ్ మజ్జిగ కలుపుతోంది.

"మేస్త్రీగారూ, అప్పుడు నేను వెక్కిరించలేదు. దోమ కుట్టింది. పెద్ద డాక్టరు చెప్పినాడు."

నారాయణసామి ఆమెను గుర్తుపట్టడానికి కళ్ళు చికిలించాడు. తర్వాత చాలాసేపు ఆలోచించాడు. "దోమ అయితే ఆ రోజే చెప్పొద్దా?" అన్నాడు.

"అప్పుడు నాకు అరవం రాదు కదా."

"తెలుగులో చెప్పొద్దా?"

ఇరుళాయి నోటికి మాట రాలేదు. అలా జరగడం ఆమె జీవితంలో అదే మొదటిసారి అని లక్ష్మమ్మాళ్ తర్వాత అందరికీ చెప్పింది. మజ్జిగ తాగి వచ్చేసింది. దారిపొడవునా తనలో తాను ఏదో అనుకుంటూ, ఒకసారి తిడుతూ, ఒకసారి నవ్వుతూ నడిచింది.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఇరుళాయి రక్తం ఏడాదికి రెండుసార్లు కావాలని డాక్టరు అడిగాడు. ఆమె సరేనని ఉలవల సంచి అడిగింది. మనుషులకు ఇవ్వడానికి ఆఫీసులో ఏర్పాటు లేదు, గుర్రాలకే ఉంది.

"గుర్రంగా ఉన్నప్పుడు ఇచ్చినారు. మనిషని తెలిసినాక ఇయ్యరా?" అంది ఇరుళాయి.

రత్నసభాపతి పైవాళ్ళను అడిగి చూశాడు. వాళ్ళు నిబంధనలు చెప్పారు. చివరికి విసిగిపోయి ఆమెను మళ్ళీ గుర్రాల్లోకే చేర్చాడు. ఈసారి ఆడ గుర్రమని సరిగ్గా రాశాడు. ఈ వార్త లైన్లలో పాకింది. తర్వాతి విడత జీపు వచ్చేసరికి తంగమ్మాళ్ ముందు, వెనక ఎదురింటి పాంచాలి, ఆ వెనక లైన్లలో ఆడవాళ్ళందరూ సంచులు పట్టుకుని నిలబడ్డారు.

"మమ్మల్ని కూడా గుర్రాలుగా రాసుకోండి సార్," అంది తంగమ్మాళ్.

మనుషుల రక్తం కోసం ఊళ్ళంట తిరిగి తలుపులు కొట్టి అలసిన డాక్టరు, వాళ్ళను చూసి పుస్తకం తెరిచాడు. అందరినీ రాసుకున్నాడు. వాళ్ళలో కొందరికి ఇరుళాయికి వచ్చిన జ్వరమే ఎప్పుడో తెలియకుండా వచ్చి పోయిందని తేలింది. ఉలవలు లారీలో వచ్చాయి.

ఇన్ని గుర్రాలు ఒకేచోట ఉన్నాయని లెక్కల్లో చూసి పై ఆఫీసు మిల్లువాళ్ళకు కబురు పంపింది, పరిశోధనలో ఉన్న జంతువులకు మంచినీళ్ళు చూడవలసిందని. లైన్లకు కుళాయి కావాలని ఆడవాళ్ళు అడగబట్టి ఎన్నో ఏళ్ళు. రేపు మాపు అనేవారు. గుర్రాలకనేసరికి నెల తిరక్కుండానే గొట్టం వేసి, కుళాయి పెట్టి, కింద పొడుగాటి సిమెంటు తొట్టి కట్టించారు. తొట్టి అంచు మోకాలెత్తు ఉంటుంది, బిందె పెట్టుకోవడానికి సరిగ్గా సరిపోయింది. చూసిపోవడానికి వచ్చిన మిల్లు గుమాస్తా, గుర్రాలేవి అని అడిగాడు. "మేతకు పోయినాయి," అని నీళ్ళు పట్టుకుంటూ పొన్ను జవాబిచ్చింది.

పరిశోధన ఆఫీసు ఆ తర్వాత ఇంకో జిల్లాకు వెళ్ళిపోయింది. బాలసుందరం పొల్లాచ్చి కోళ్ళ ఫారంలో హాయిగా ఉన్నాడని ఎవరో చెప్పారు. ఇరుళాయి ఇంకా చాలా ఏళ్ళు బతికింది. ఆ తొట్టి కథ మాత్రం ఆమె చేతి మీదుగానే నడిచింది. నిలవ నీళ్ళలో దోమలు పుడతాయని డాక్టరు చెప్పాడు కాబట్టి, రోజూ పొద్దుగూకే వేళకు వచ్చి తొట్టి అడుగున కుక్కిన గుడ్డ లాగేసేది. నీళ్ళన్నీ బుడబుడమంటూ కాలవలోకి పోయేవి. సరిగ్గా అప్పుడే మిల్లు సైరన్ కూసేది, పని నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఖాళీ తొట్టి చూసి గగ్గోలు పెట్టేవారు.

"నిండు తొట్టి నీళ్ళు పారబోస్తావా, నీకేమైనా పిచ్చా?" అని తంగమ్మాళ్ తమిళంలో అరిచేది.

ఇరుళాయి గుడ్డ పిండుకుంటూ తెలుగులో జవాబు చెప్పేది. అది తంగమ్మాళ్‌కు అర్థమయ్యేది కాదు. అర్థం కాకపోవడమే మంచిదైంది.